పాదరసం చోట ఒంటరి బంగారం

బోరుబావిలో దించే కేసింగ్ పైపు, గోడలో కరెంటు తీగలు పోయే గొట్టం, డాబా మీది ట్యాంకు నుంచి దిగే నీళ్ల పైపు... మన ఇళ్లలో, పొలాల్లో పీవీసీ లేని చోటు వెతుక్కోవాల్సిందే. మన దేశానికి కావలసిన పీవీసీలో సగానికి పైగా దిగుమతి అవుతోంది. అందులో చైనా వాటా పెద్దది. చైనా పీవీసీలో ఎక్కువ భాగం బొగ్గు నుంచి పుడుతుంది, పుట్టే దారిలో ఒకచోట పాదరసాన్ని తాకి వస్తుంది. ఇంట్లో పైపులో పాదరసం ఉంటుందని కంగారు పడనక్కర్లేదు. అది ఫ్యాక్టరీ దగ్గరే ఉండిపోతుంది. అసలు చిక్కు కూడా అదే. దాన్ని తప్పించడానికి మొదలైన వెతుకులాట చివరకు బంగారాన్ని ఒక్కొక్క పరమాణువుగా విడదీసి బొగ్గు మీద కూర్చోబెట్టే దాకా వెళ్లింది.

ఇలాంటి వాటిని సింగిల్ ఆటమ్ కేటలిస్టులు అంటారు. మనం ఏకపరమాణు ఉత్ప్రేరకాలు అనుకుందాం. గత పదిహేనేళ్లలో వీటి మీద వేలాది పరిశోధన పత్రాలు వచ్చాయి. ‘పచ్చని’ రసాయన పరిశ్రమకు తాళంచెవి ఇదేనన్న ప్రకటనలకూ కొదవ లేదు. వాటిలో చాలా మటుకు ల్యాబు గడప దాటలేదు. బంగారం దాటింది. అందుకే ఆ ఒక్క ఉదాహరణను పట్టుకుని వెళ్దాం. ఈ శాస్త్రంలో సత్తా ఎంతో, సందడి ఎంతో అక్కడ బాగా తెలుస్తుంది.

వినైల్ క్లోరైడ్ అనే వాయువు అణువులు గొలుసుగా కలిస్తే పీవీసీ. ఆ వాయువును చాలా దేశాలు చమురు, సహజవాయువుల నుంచి వచ్చే ఇథిలీన్‌తో చేస్తాయి. చమురు తక్కువ, బొగ్గు ఎక్కువ ఉన్న చైనా మరో దారి పట్టింది. సున్నపురాయిని కాల్చి సున్నం చేసి, దాన్ని కోక్‌తో కలిపి రెండు వేల డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉండే విద్యుత్ కొలిమిలో వేస్తే కాల్షియం కార్బైడ్ తయారవుతుంది. మామిడికాయలను దొంగచాటుగా మగ్గబెడుతున్నారని ప్రతి వేసవిలో పేపర్లలో చదివే కార్బైడ్ ఇదే. తడి తగిలితే అసిటిలీన్ వాయువు విడుదలవుతుంది. వెల్డింగు షాపుకీ, మామిడి మండీకీ కావలసింది ఆ వాయువే. పీవీసీ ఫ్యాక్టరీ దానికి హైడ్రోజన్ క్లోరైడ్‌ను జత చేసి వినైల్ క్లోరైడ్‌గా మారుస్తుంది.

ఈ రెండు వాయువులనూ ఊరికే కలిపి ఉంచితే ఏమీ జరగదు. మధ్యలో ఒక ఉత్ప్రేరకం కావాలి. అది అణువులను తన మీద పట్టి నిలిపి, పాత బంధం సడలి కొత్త బంధం ఏర్పడే దారిని సులువు చేస్తుంది. పని కాగానే వాటిని వదిలేసి తర్వాతి జతకు సిద్ధమవుతుంది. ఈ పని దశాబ్దాలుగా చేస్తున్నది మెర్క్యురిక్ క్లోరైడ్, అంటే పాదరసం లవణం. వాటర్ ఫిల్టర్లలో వాడే యాక్టివేటెడ్ కార్బన్ లాంటి బొగ్గు పలుకులకు దాన్ని పట్టించి, గొట్టాల్లో నింపి, 180 డిగ్రీల దగ్గర వాయువులను పంపుతారు.

ఉత్ప్రేరకం తాను ఖర్చు కాదని బడిలో చదువుకున్నాం. ఫ్యాక్టరీలో అలా జరగదు. ఆ వేడికి మెర్క్యురిక్ క్లోరైడ్ కొద్దికొద్దిగా ఆవిరై వాయువులతో పాటు లేచిపోతుంది. కొంత ఆమ్లపు నీళ్లలో, కొంత వడపోత పదార్థంలో, కొంత వాడి తీసేసిన బొగ్గులో చేరుతుంది. ఇలా చైనా పీవీసీ పరిశ్రమ ఏటా వందల టన్నుల పాదరసం వాడుతూ వచ్చింది. పాదరసం వాడకంలో దీన్ని మించినది చిన్నతరహా బంగారు గనుల తవ్వకం. ఒకచోట బంగారం కోసం పాదరసాన్ని పారబోస్తున్నారు, మరోచోట పాదరసాన్ని వదిలించుకోవడానికి బంగారం వాడుతున్నారు!

ఉత్ప్రేరకంగా వాడిన పాదరసం ఏం చేయగలదో జపాన్‌కు తెలుసు. మినమాట అనే సముద్రతీర పట్టణంలో చిస్సో కంపెనీ అసిటిలీన్ నుంచి అసిటాల్డిహైడ్ చేయడానికి మెర్క్యురిక్ సల్ఫేట్ వాడేది. వ్యర్థ జలాలతో పాటు మిథైల్ మెర్క్యురీ అఖాతంలో కలిసింది, చేపల్లో చేరింది, చేపలు తిన్నవాళ్ల నరాలను దెబ్బతీసింది. పిల్లులు పిచ్చెత్తినట్టు గెంతి చచ్చిపోయాయి. 1956లో వ్యాధిని అధికారికంగా గుర్తించారు. అది ఫ్యాక్టరీ వల్లేనని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది. పాదరసం మీద 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. అది 2017లో అమల్లోకి వచ్చింది. వినైల్ క్లోరైడ్ తయారీకి అందులో ప్రత్యేకమైన నిబంధన ఉంది. పాదరసం లేని ఉత్ప్రేరకం సాంకేతికంగా, ఆర్థికంగా సాధ్యమేనని సభ్యదేశాల సమావేశం తేల్చాక అయిదేళ్లకు పాదరసం వాడకం ఆపేయాలి. అంటే ఒక అంతర్జాతీయ చట్టం అమలు ఒక రసాయన శాస్త్ర ప్రశ్నకు ముడిపడి ఉంది: పాదరసం పని చేసిపెట్టే మరో పదార్థం దొరికిందా?

దొరికే ఆనవాలు 1985లోనే కనిపించింది. గ్రాహం హచింగ్స్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త అప్పట్లో దక్షిణాఫ్రికాలో పనిచేస్తున్నాడు. వేర్వేరు లోహాల క్లోరైడ్లు ఈ చర్యను ఎంత బాగా నడిపిస్తాయో అప్పటికే అచ్చయిన కొలతలు ఉన్నాయి. ఆయన వాటిని ఆయా లోహాల ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌తో జోడించి గ్రాఫు గీశాడు. ఆ గీతను పొడిగిస్తే అది బంగారం వైపు చూపింది. పాదరసం కంటే బంగారం బాగా పనిచేయాలి! నవ్వు తెప్పించే ఊహే. తుప్పు పట్టదు, ఆమ్లాలకు లొంగదు, దేనితోనూ కలవదు అనే కదా బంగారాన్ని నగలు చేసుకుని తరతరాలు దాచుకుంటాం. కానీ కొన్నేళ్లలోనే ప్రయోగాలు ఆయన లెక్కను నిజం చేశాయి. దాదాపు అదే కాలంలో జపాన్‌లో మసటాకే హరుటా, అతి చిన్న బంగారు రేణువులు గడ్డకట్టే చలిలో కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరణం చేయగలవని చూపించాడు. బంగారం సోమరి కాదని రెండు చోట్ల నుంచి ఒకేసారి కబురు వచ్చినట్టయింది.

అయినా హచింగ్స్ బంగారం ఫ్యాక్టరీకి చేరడానికి ముప్పై ఏళ్లు పట్టింది. బొగ్గు మీద బంగారం పట్టించాలంటే మొదట రాజద్రవంలో కరిగించాలి, అంటే గాఢ నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమంలో. పాదరసాన్ని వదిలించుకోబోయి టన్నుల కొద్దీ ఘోరమైన ఆమ్లాన్ని నెత్తిన పెట్టుకోవడమన్న మాట. పైగా కొంతకాలం పనిచేశాక బంగారం చురుకు తగ్గేది. ఎందుకు తగ్గుతోందో తెలియాలంటే అసలు పనిచేస్తున్నది ఏ రూపంలో ఉన్న బంగారమో తెలియాలి.

ఇక్కడ కాసేపు ఆగి లోహపు రేణువు లోపలికి చూద్దాం. ఘన ఉత్ప్రేరకంలో లోహం సాధారణంగా నానో రేణువులుగా ఉంటుంది. అయిదు నానోమీటర్ల ప్లాటినం రేణువులో దాదాపు 4,300 పరమాణువులు ఉంటాయి. దాన్ని బూంది లడ్డూ అనుకుంటే, పై వరుసలోని బూందీకే బయటి వాయువు తగులుతుంది. అంటే నాలుగింట ఒక వంతు, అంతకన్నా తక్కువ కూడా. మిగిలిన పరమాణువులకు మనం డబ్బు కట్టాం, అవి లోపల ఊరికే కూర్చున్నాయి. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాలతో ఇది చిన్న విషయం కాదు. 2021లో ఒక దశలో ఔన్సు రోడియం ధర 20 వేల డాలర్లు దాటేసింది. అందుకే రేణువును చిన్నది, ఇంకా చిన్నది చేస్తూ పోయారు. ఆ బాటకు చివర ఒక్క పరమాణువు ఉంది. అంతకన్నా విడదీయడానికి ఏమీ మిగలదు.

కానీ పొదుపు ఒక్కటే అయితే ఇంత ఆసక్తి అక్కర్లేదని నా అభిప్రాయం. అసలు మార్పు స్వభావంలో ఉంది. గుంపులో ఉన్న లోహ పరమాణువు చుట్టూ తన జాతి పరమాణువులే ఉంటాయి. విడిగా ఉన్నదాని చుట్టూ ఆక్సిజనో, నైట్రోజనో, క్లోరినో ఉంటుంది. అవి దాని ఎలక్ట్రాన్లను లాగుతాయి, తోస్తాయి. అప్పుడది లోహంలా కాకుండా ద్రవంలో కరిగిన అణువులా ప్రవర్తిస్తుంది. రసాయన పరిశ్రమకు ఇది పాత కల. కరిగే ఉత్ప్రేరకాలు చాలా నేర్పుగా, కావలసిన పదార్థాన్నే ఇస్తాయి. కానీ చివర్లో సరుకు నుంచి వాటిని వేరు చేయడం తలనొప్పి. ఘన ఉత్ప్రేరకాన్ని వడగడితే చాలు, లేదా గొట్టంలో ఉంచి మీదుగా ముడి సరుకును పంపితే చాలు. కానీ దాని మీద రకరకాల స్థానాలుంటాయి, ఒక్కో స్థానం ఒక్కో తీరుగా పనిచేస్తుంది. ఘనానికి అతుక్కున్న ఒంటరి పరమాణువులో ఆ నేర్పూ ఈ సౌలభ్యమూ కలిసి దొరుకుతాయని ఆశ.

ఒంటరిగా ఉందని ఎలా తెలుసు? 1970లో షికాగోలో ఆల్బర్ట్ క్రూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో విడివిడి బరువైన పరమాణువులను చూపించాడు. ఇప్పటి యంత్రాల్లో తేలికైన కార్బన్ నేపథ్యం మీద బంగారు పరమాణువు మెరిసే చుక్కలా కనబడుతుంది. కాని మైక్రోస్కోపు చూసేది చాలా చిన్న జాగా. ఆ పక్కనే గడ్డ ఉంటే? అందుకని ఎక్స్‌కిరణాలతో మొత్తం నమూనాను పరీక్షిస్తారు. బంగారం పక్కన బంగారం ఉంటే ఆ సంకేతం వస్తుంది, లేకపోతే రాదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన పరీక్ష 2003 నాటిది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మారియా ఫ్లిట్జానీ స్టెఫానోపౌలోస్ బృందం సీరియం ఆక్సైడ్ మీద బంగారం ఉన్న ఒక ఉత్ప్రేరకాన్ని పరిశీలిస్తోంది. కార్బన్ మోనాక్సైడ్, నీటి ఆవిరి కలిసి హైడ్రోజన్ ఇచ్చే చర్య అది. పని చేసేది బంగారు రేణువులేనని అందరి నమ్మకం. వాళ్లు ఆ ఉత్ప్రేరకాన్ని సయనైడ్ ద్రావణంతో కడిగారు. గనుల్లో రాతి నుంచి బంగారాన్ని కరిగించి తీసేది సయనైడే కదా! రేణువులన్నీ కరిగిపోయాయి, ఉపరితలానికి గట్టిగా బంధించుకున్న కొద్ది పాటి బంగారం మాత్రం మిగిలింది. వేగం తగ్గలేదు. అంటే కరిగిపోయిన బంగారమంతా ప్రేక్షకుడు. ఇంత తేలిక పరీక్ష ఇంత పెద్ద నమ్మకాన్ని పడగొట్టడం శాస్త్రంలో తరచుగా జరగదు.

2011లో చైనాలోని దాలియన్ రసాయన భౌతికశాస్త్ర సంస్థకు చెందిన జాంగ్ టావో బృందం, మరికొందరితో కలిసి, ఐరన్ ఆక్సైడ్ మీద ప్లాటినాన్ని ఒక్కొక్క పరమాణువుగా నిలబెట్టి చూపింది. ప్లాటినం బరువు మొత్తంలో 0.17 శాతమే. ఈ రంగానికి ఇప్పుడున్న పేరు స్థిరపడింది అప్పుడే.

మరి హచింగ్స్ బంగారం ఏ రూపంలో ఉంది? 2017లో బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం చర్య జరుగుతుండగానే ఉత్ప్రేరకం మీదికి ఎక్స్‌కిరణాలు పంపి చూసింది. బాగా పనిచేస్తున్నప్పుడు అందులో లోహపు బంగారం లేదు. క్లోరిన్ తోడుగా విడివిడి బంగారు అయాన్లున్నాయి, అవి ఒక ధనావేశం, మూడు ధనావేశాల స్థితుల మధ్య మారుతున్నాయి. గడ్డ కట్టిన బంగారం ఈ పనికి దాదాపు పనికిరాదు. చురుకు తగ్గడానికి కారణమూ అక్కడే దొరికింది. అయాన్లు ఆవేశం పోగొట్టుకుని ఒకచోటికి చేరితే అవి మళ్లీ మామూలు బంగారమే, బీరువాలో దాచుకునే రకం.

ఈలోగా జాన్సన్ మాథీ కంపెనీ రాజద్రవం పీడ కూడా వదిలించింది. బంగారాన్ని థయోసల్ఫేట్‌తో కట్టి నీళ్లలోనే బొగ్గుకు పట్టించే పద్ధతి వచ్చింది. ఫిల్ము కెమెరాల కాలంలో డార్క్‌రూమ్‌లో ‘హైపో’ అని పిలిచిన లవణం కుటుంబమే ఇది. థయోసల్ఫేట్ పట్టు వల్ల బంగారం ఒంటరిగా, స్థిరంగా ఉంటుంది. బరువులో అర శాతం కన్నా తక్కువ బంగారం సరిపోయింది. చైనా ప్లాంట్లలో పరీక్షలు నడిచాయి, 2015 నాటికి ఇది వాణిజ్య స్థాయికి చేరింది. పాదరసంలా బంగారం ఆవిరై పోదు. ఉత్ప్రేరకం వయసైపోయాక బొగ్గును కాల్చి బూడిద నుంచి బంగారాన్ని తిరిగి రాబట్టుకోవచ్చు. ఖరీదైన లోహానికి ఉన్న సుగుణం ఏమిటంటే, దాన్ని ఎవరూ కాలువలో పారబోయరు.

దీన్ని హరిత విజయం అనేముందు మొత్తం గొలుసును ఒకసారి చూడాలి. బంగారం మార్చింది ఒక్క మెట్టును. దాని ముందున్న కార్బైడ్ కొలిమి అలాగే మండుతోంది. టన్ను కార్బైడ్‌కు 3,000 యూనిట్లకు పైగా కరెంటు కావాలి, టన్ను పీవీసీకి దాదాపు ఒకటిన్నర టన్నుల కార్బైడ్ పడుతుంది. ఆ కరెంటు చాలా వరకు బొగ్గు నుంచే. సున్నపురాయిని కాల్చడంలోనే, రసాయన సమీకరణం లెక్కన చూస్తే, టన్ను కార్బైడ్‌కు 700 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. పాదరసం లేని పీవీసీ అనడం న్యాయం. కాలుష్యం లేని పీవీసీ అంటే అబద్ధం. ఇంకో మాట కూడా ఉంది. పాదరసం అడ్డు తొలగడంతో బొగ్గు దారికి ఆయుష్షు పెరగవచ్చు. దాన్ని లాభంగా లెక్కపెట్టాలా, నష్టంగానా అన్నది రసాయన శాస్త్రం తేల్చే ప్రశ్న కాదు.

ఒంటరి పరమాణువు ప్రతిచోటా గెలుస్తుందనీ లేదు. 2015లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పీటర్ స్టెయిర్ బృందం వేరే ఆధార పదార్థాల మీద ప్లాటినాన్ని పరీక్షిస్తే, పని చేసింది రేణువులు. ఒంటరి పరమాణువుల మీద కార్బన్ మోనాక్సైడ్ గట్టిగా అతుక్కుని కదలకుండా కూర్చుంది. ఒంటరి ప్లాటినం బాగా పనిచేసిందన్న దాలియన్ ఫలితానికి ఇది తలకిందులు. ఇద్దరిదీ తప్పు కాదు. కూర్చున్న చోటు మారితే పరమాణువు గుణం మారుతుంది, అంతే. ఎరువుల ఫ్యాక్టరీలో నైట్రోజన్‌ను విడగొట్టే ఇనుప ఉత్ప్రేరకం సంగతి చూడండి. నైట్రోజన్ అణువులోని మూడు బంధాలను తెంచడానికి పక్కపక్కన కొన్ని ఇనుప పరమాణువులు కలిసి పట్టాలి. అక్కడ ఒంటరితనం లోపమే.

వేడి ఇంకో శత్రువు. లోహ పరమాణువులకు పరాయి ఉపరితలం కన్నా తమ జాతితో కలవడమే ఇష్టం, వేడి ఎక్కితే జరిగి జరిగి గుంపు కడతాయి. అమెరికాలో స్థిరపడిన భారతీయ శాస్త్రవేత్త అభయ దాతే బృందం 2016లో ఈ అలవాటునే వాడుకుంది. అల్యూమినా మీదున్న ప్లాటినానికి సీరియం ఆక్సైడ్ పొడి కలిపి 800 డిగ్రీల దగ్గర గాలిలో వేడి చేశారు. మామూలుగా ఇంత వేడిలో ఉత్ప్రేరకం పాడవ్వాలి. ఇక్కడ ప్లాటినం ఆక్సైడ్‌గా ఆవిరై, ఎగిరి వెళ్లి సీరియం ఆక్సైడ్ లోపాల్లో ఒక్కొక్క పరమాణువుగా చిక్కుకుంది. కార్ల పొగగొట్టంలో కూర్చునే ఉత్ప్రేరకాలు భరించాల్సింది దాదాపు ఇలాంటి వేడే.

మన దగ్గరికి వస్తే ఈ శాస్త్రం అవసరం పైపుల్లో కన్నా మందుల్లో ఎక్కువ. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ బల్క్ డ్రగ్ యూనిట్లకు పల్లాడియం కొత్త సరుకు కాదు. రెండు కార్బన్ ముక్కలను అతికించే సుజుకీ చర్యకు అది కావాలి. 2010 నోబెల్ బహుమతి వచ్చింది ఈ తరహా అతుకులకే. రక్తపోటుకు వాడే సార్టాన్ల వెన్నెముకను ఇలా కట్టవచ్చు. ఇబ్బంది ఏమిటంటే మందులో పల్లాడియం మిగలకూడదు. నోటి ద్వారా తీసుకునే మందుల్లో రోజుకు 100 మైక్రోగ్రాములు అంతర్జాతీయ మార్గదర్శకాల పరిమితి. కరిగే పల్లాడియం వాడితే దాన్ని చివరి దాకా తీసేయడానికి ఒక అదనపు శుద్ధి, దానికో ఖర్చు. హైదరాబాద్ ఐఐసీటీలో బి.ఎం. చౌదరి, లక్ష్మీ కాంతం బృందం 2002లోనే పొరలు పొరలుగా ఉండే హైడ్రాక్సైడ్ మీద పల్లాడియం నానో రేణువులను నిలిపి ఈ అతుకులను ఘన ఉత్ప్రేరకంతో చేసి చూపింది. 2018లో స్విట్జర్లాండ్ ఈటీహెచ్ జూరిక్‌లో హావియర్ పెరెజ్ రమీరెజ్ బృందం మరో అడుగు వేసి, కార్బన్ నైట్రైడ్ పొరల ఖాళీల్లో పల్లాడియాన్ని ఒక్కొక్క పరమాణువుగా ఇరికించింది. సుజుకీ చర్యలో అది కరిగే ఉత్ప్రేరకాలను మించిందని ప్రకటించింది.

ఈ చర్యలో ‘ఘనం’ అన్న మాటను మాత్రం వెంటనే నమ్మకూడదు. గతంలో ఘన పల్లాడియం ఉత్ప్రేరకాలుగా పేరు తెచ్చుకున్నవి చాలా వరకు గిడ్డంగులని తర్వాత తేలింది. పల్లాడియం కొద్దిగా ద్రవంలోకి దిగి పని చేసి, చివర్లో మళ్లీ ఘనం మీదికి చేరుకుంటుంది. దీన్ని పట్టుకోవడానికి చర్య సగంలో ఉండగా వేడివేడిగా వడగట్టి, వడగట్టిన ద్రవంలో చర్య ఇంకా సాగుతోందా అని చూస్తారు. సాగితే లోహం దిగినట్టే. సాగకపోయినా పూర్తి నిర్దోషి అనలేం, వడగట్టే ఆ కాస్త సమయంలోనే అది తిరిగి అతుక్కుని ఉండవచ్చు. అందుకే ప్లాంటు మేనేజరు ఒక బ్యాచి దిగుబడి చూసి సంతకం పెట్టడు. ఉత్ప్రేరకాన్ని గొట్టంలో నింపి వారాల తరబడి ముడి సరుకు పంపమంటాడు, రోజూ అవతలి చివర నుంచి వచ్చే ద్రవంలో పల్లాడియం ఎన్ని పీపీఎం ఉందో రాసుకు రమ్మంటాడు.